స్క్రీన్ 12 అంగుళాలు సరే.. టాప్ మీద ఎన్ని కిలోలు మోస్తుంది?

కొత్త ఎస్‌యూవీ లాంచ్ అయిందంటే చాలు, మన ఫీడ్ నిండా అదే. టచ్‌స్క్రీన్ ఎన్ని అంగుళాలు, స్పీకర్లు ఎన్ని, అడాస్ ఏ లెవెల్, వైర్‌లెస్ ఛార్జర్ ఎన్ని వాట్లు, సన్‌రూఫ్ మనం చెప్తే తెరుచుకుంటుందా లేదా.. ఒక్క అంకె కూడా వదలం. టాప్ మీద రెండు పక్కలా వెండి రంగులో మెరిసే రూఫ్ రెయిల్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "స్పోర్టీ లుక్ ఇస్తున్నాయి" అని ఒక్క ముక్క అనేసి ముందుకెళ్లిపోతాం. వాటి మీద ఎన్ని కిలోలు పెట్టొచ్చు? రివ్యూల్లో ఉండదు, బ్రోచర్లలో చాలావరకు ఉండదు, అమ్మేవాళ్లకూ తెలియదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. ఫ్యామిలీ ఎస్‌యూవీ అని పేరు పెట్టి అమ్మే ప్రతి బండికీ టాప్ లోడ్ ఎంతో స్పెక్ షీట్‌లోనే రాయాలి. రివ్యూలు రాసే మనం దాన్ని అడగాలి. ఆ అంకె దొరకని బండి టాప్ మీద ఏమీ కట్టకూడదు.

"ఫోన్ల సైటులో నిచ్చెనల గోలేంటి బాస్?" అనొచ్చు మీరు. స్పెక్ షీట్ చదవడంలో మనల్ని మించినోళ్లు లేరు కదా, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఐపీ68 అంటే మంచినీళ్ల టెస్టు మాత్రమే, సముద్రంలో ముంచడానికి కాదని మనకు తెలుసు. 120 వాట్ల ఛార్జింగ్ అని రాస్తే బాక్సులో ఛార్జర్ ఉందా లేదా అని ముందు వెతుకుతాం. ఆ అనుమానపు చూపునే ఒకసారి కారు టాప్ వైపు తిప్పమంటున్నా.

రెయిల్ ఉందని మోసేస్తుందని కాదు

అంబాసిడర్, టాటా సుమోల రోజుల్లో ఈ తంటా లేదు. ఆ బళ్లకు టాప్ అంచు వెంట వాన నీళ్లు జారిపోవడానికి సన్నటి రేకు గట్టు ఉండేది. టాప్ క్యారియర్ కాళ్లను ఆ గట్టుకే పట్టించి బోల్టులు బిగించేవాళ్లు. పరుపులు, పెట్టెలు, బస్తాలు, పెళ్లి సామాన్లు అన్నీ అలాగే ఊళ్లు తిరిగాయి. ఇప్పటి కార్లకు ఆ గట్టు లేదు. టాప్ నున్నగా, అంచులు కనపడకుండా వస్తోంది. క్యారియర్ పట్టుకోవడానికి మిగిలిన చోటు రెయిల్స్ ఒక్కటే.

ఆ రెయిల్స్‌లో రెండు రకాలున్నాయి. ఒక రకం బాడీ లోపలి గట్టి భాగాలకు బోల్టులతో బిగించి ఉంటుంది. వాటికి అడ్డంగా రెండు క్రాస్‌బార్లు వేస్తే, ఆ బార్ల మీద బరువు పెట్టొచ్చు. ఇంకో రకం కేవలం అందానికి. క్లిప్పులతోనో టేపుతోనో అతికించిన ప్లాస్టిక్ ముక్క. చేత్తో కాస్త గట్టిగా లాగితే కదులుతుంది. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి, అసలు చిక్కు అదే. పైగా ఒకే మోడల్‌లో ఒక వేరియంట్‌కు ఒక రకం, ఇంకో వేరియంట్‌కు ఇంకో రకం ఇచ్చే వీలు కూడా ఉంది.

అంకె చెప్పడం చేతకాని పనేం కాదు. రెనో ట్రైబర్, కైగర్, నిస్సాన్ మాగ్నైట్.. మన మార్కెట్లో ఖరీదైన బళ్లేం కావు ఇవి. వీటి రెయిల్స్ 50 కిలోల వరకు మోస్తాయని కంపెనీలే చెప్పుకున్నాయి. ఈ ధరలో వాళ్లు చెప్పగలిగినప్పుడు, దీనికి రెట్టింపు ధర పెట్టేవాళ్లు ఎందుకు చెప్పలేరు?

ఈమధ్య రెండు షోరూములకు వెళ్లి ఇదే ప్రశ్న అడిగాను. ఒకచోట "ఎంతైనా పెట్టుకోండి సర్, ఎస్‌యూవీ కదా!" అన్నారు. ఇంకోచోట "అసలు క్యారియరే వేయొద్దు సర్, వారంటీ పోతుంది" అన్నారు. మాన్యువల్ తెరిచి చూపించండి అంటే రెండుచోట్లా చాయ్ తెప్పించారు, మాన్యువల్ మాత్రం తేలేదు. బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్ అని అడిగితే "చాలా ఉంటుంది సర్" అనే ఫోన్ షాపులో మనం ఫోన్ కొంటామా?

50 కిలోలంటే చేతికొచ్చేది 50 కాదు

ఈ లెక్క ఫోన్ స్టోరేజ్ లాంటిదే. 128 జీబీ అని రాసినా సిస్టమ్ తినేది పోగా మిగిలిందే మనది. ఇక్కడా అంతే. కంపెనీ వేరుగా చెప్తే తప్ప క్రాస్‌బార్ల బరువు, క్యారియర్ బుట్ట బరువు ఆ 50లోనే లెక్క. బార్లు ఒక ఐదు కిలోలు, ఇనుప బుట్ట ఒక పదిహేను కిలోలు అనుకుందాం. సామానుకు మిగిలేది 30 కిలోలు. అంటే పెద్ద బియ్యం బస్తా ఒకటి, చిన్న బ్యాగు ఒకటి. అందుకే పొడుగు సామాన్లకు బుట్ట దండగ అంటాను. రెండు బార్లు చాలు, బరువు కలిసొస్తుంది.

ఇంకో తేడా కూడా ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు టాప్ మోసేది వేరు, నడుస్తున్నప్పుడు మోసేది వేరు. ల్యాండ్ రోవర్ డిఫెండర్ 110నే చూడండి. ఆగి ఉంటే టాప్ మీద 300 కిలోల దాకా పెట్టొచ్చు, అందుకే పైన టెంట్ వేసుకుని మనుషులు పడుకుంటారు. బండి కదిలితే మాత్రం ఎంత లేదన్నా 168 కిలోలకు మించకూడదు. గుంత, మలుపు, సడన్ బ్రేక్.. వీటిలో అదే సామాను రెయిల్స్‌ను రకరకాలుగా గుంజుతుంది మరి. టెంట్ యాడ్‌లో నలుగురు పైన కూర్చున్న ఫొటో చూసి మన బండి మీద నాలుగు సిమెంటు బస్తాలు వేస్తే కథ వేరేలా ఉంటుంది.

బరువు పైకెక్కితే బండి తూగు కూడా మారుతుంది. 1200 కిలోల బండి మీద, నేలకు 1.7 మీటర్ల ఎత్తున 100 కిలోలు కడితే గురుత్వ కేంద్రం దాదాపు 8 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. చూడ్డానికి చిన్నదే. మలుపులో స్టీరింగ్ తిప్పిన క్షణంలో మాత్రం తెలుస్తుంది.

పొడుగుతో పర్లేదు, వెడల్పుతోనే తంటా

టాప్ మీద సామాను అనగానే అందరూ బరువు గురించే మాట్లాడతారు. నన్నడిగితే బరువు కన్నా గాలి ప్రమాదం. గాలి ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. లెక్కేస్తే ఇలా వస్తుంది: గాలికి ఎదురు నిలిచిన ప్రతి చదరపు మీటరు మీదా గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సుమారు ఏడున్నర కిలోల బరువుకు సమానమైన బలం పడుతుంది. 60లో 17 కిలోలు, 80లో 30 కిలోలు, 100లో 47 కిలోలు.

ఇప్పుడు ఒక ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీట్ తీసుకోండి. దాదాపు 3 చదరపు మీటర్లు. 18 ఎంఎం మందం ఉంటే బరువు 30 నుంచి 35 కిలోలు. ముందద్దం మీదుగా వచ్చే గాలి ఎలాగూ పైకే ఎగదన్నుతుంది. షీట్ ముందంచు కాస్త లేచి ఆ గాలి కిందికి దూరిందా, 80 వేగంలో పైకి లేపే బలం 90 కిలోల దాకా పోగలదు. షీట్ బరువుకు రెండింతలకు పైనే. "బరువుంది కదా, ఎక్కడికిపోతుందిలే" అనే మాట ఇక్కడ పనికిరాదు. పరుపు ఇంకా ఘోరం. వెడల్పు ఎక్కువ, బరువు తక్కువ. దాన్ని ఒక చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి పట్టుకుని పోయేవాళ్లను మీరూ చూసే ఉంటారు. ఆ చేతికి పై లెక్క తెలియదు పాపం.

అదే అల్యూమినియం నిచ్చెన, నాలుగు పీవీసీ పైపులు, రెండు వెదురు బొంగులు అయితే గాలికి దొరికే వెడల్పు చాలా తక్కువ. అందుకే నా నియమం చిన్నది: పొడుగ్గా సన్నగా ఉంటే సరే, పలకలా వెడల్పుగా ఉంటే వద్దు.

అడ్డంగా కట్టిన తాడు బ్రేకులో ఏం చేయదు

మనోళ్లు కట్టే పద్ధతి ఒకటే. నైలాన్ తాడును టాప్ మీదుగా, తలుపుల్లోంచి అటూ ఇటూ నాలుగు చుట్లు చుట్టి, కొసను గట్టిగా ముడేస్తారు. సామాను పైకి లేవకుండా ఇది కొంత ఆపుతుంది. ముందుకీ వెనక్కీ జారకుండా మాత్రం ఆపలేదు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకేస్తే సామాను తన బరువులో దాదాపు 80 శాతం బలంతో ముందుకు తోసుకొస్తుంది. నున్నటి పైపుల కట్టలో మధ్యలో ఉన్న పైపును పట్టుకున్నది పక్క పైపులే తప్ప తాడు కాదు. అది బాణంలా జారిపోతుంది. బ్రేకేస్తే ముందుకి, ఎత్తెక్కుతూ గుంతలో పడితే వెనక్కి. వెనక వచ్చేది ఎవరు? మన రోడ్ల మీద చాలాసార్లు బైకు. కారు అద్దానికి తగలాల్సింది అక్కడ మనిషి ముఖానికి తగులుతుంది.

కాబట్టి కట్టేదేదో ఇలా కట్టాలి. ముందు పైపులన్నిటినీ రెండు కొసల్లో, మధ్యలో కట్టి ఒకే మోపులా చేయాలి. కొసల దగ్గర గోనెసంచి తొడిగి దాని మీదుగా కడితే లోపలి పైపు జారదు. క్రాస్‌బార్ల మీద పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుడితే అల్యూమినియం నిచ్చెన కూడా పట్టు దొరికించుకుంటుంది. ఒక్కో బార్ దగ్గర ఒక్కో రాట్చెట్ బెల్టు వేయాలి. సాగే హుక్కు తాళ్లు ఎప్పుడూ వద్దు. అవి సాగడానికే పుట్టాయి, గాలి లాగినప్పుడు కూడా సాగుతాయి. ఆ తర్వాత ముందు కొస నుంచి ఒక తాడు, వెనక కొస నుంచి ఒక తాడు బండి కిందికి దించి కట్టాలి. ముందుకూ వెనక్కూ జారకుండా ఆపేది ఈ రెండే. ముందు ఎక్కడ కట్టాలి అంటారా? టూల్‌కిట్‌లో స్పానర్ పక్కన మరమేకులా ఉండే కొక్కెం ఒకటి ఉంటుంది చూడండి. బండి చెడిపోతే లాగడానికి బంపర్‌లో బిగించేది. అదే.

బయల్దేరిన ఐదారు కిలోమీటర్లకు పక్కన ఆపి అన్నీ మళ్లీ బిగించండి. తాళ్లు, ముడులు కుదుపులకు సర్దుకుని వదులవుతాయి. బెల్టు బుయ్యిమని మోగుతుంటే దానికి ఒక మెలిక వేయండి, ఆగిపోతుంది. ఇక వేగం.. నేనైతే 60 దాటను. ఓఆర్ఆర్ వదిలేసి సర్వీస్ రోడ్డు పట్టుకుంటాను.

కారులోని కంప్యూటర్‌కు మీ నిచ్చెన తెలియదు

మన పాఠకులకు అసలు ఆసక్తి ఉండేది ఇక్కడే. అడాస్ ఉన్న చాలా బళ్లలో కెమెరా ముందద్దం వెనక, అద్దం పై భాగంలో ఉంటుంది. టాప్ మీది సామాను ముందుకు వేలాడితే ఆ కెమెరా కంటికి అడ్డొస్తుంది, లేదా ఎండలో మెరిసి దాన్ని గందరగోళపెడుతుంది. అప్పుడు లేన్ అసిస్ట్, ఆటో బ్రేక్ ఏం చేస్తాయో ముందుగా చెప్పలేం.

వెనక సెన్సార్ల లెక్క బంపర్ వరకే. బంపర్ దాటి పైన అర మీటరు పైపు పొడుచుకొచ్చిన సంగతి వాటికి తెలియదు. 360 డిగ్రీల కెమెరా కూడా స్క్రీన్ మీద మీ కారు బొమ్మను ఖాళీ టాప్‌తోనే చూపిస్తుంది. రివర్స్‌లో బీప్ రాలేదని ధైర్యంగా పోతే గోడకు ముందు పైపు తగులుతుంది. డిక్కీ డోరు కరెంటుతో లేచేదైతే దాన్ని ఆపేయండి, లేకపోతే పైకి లేచి పైపులను గుద్దుతుంది. పనోరమిక్ సన్‌రూఫ్ ఉంటే సామాను దిగేవరకు తెరవకండి. పెద్ద ఇనుప రేకు లాంటిదేదైనా కట్టి, అది ముందద్దం మీదికొచ్చిందంటే టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ చదవకపోయే అవకాశం ఉంది. సెల్లార్ పార్కింగ్ ఎత్తు గురించి వేరే చెప్పక్కర్లేదు. అందుకే సామాను కట్టగానే మొత్తం ఎత్తు కొలిచి, ఒక చీటీ మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించండి.

ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఉన్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్త. పెట్రోలు బళ్ల మీద అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క ప్రకారం, టాప్ మీద పెద్ద మొండి పెట్టె ఉంటే మైలేజీ సిటీలో 2 నుంచి 8 శాతం తగ్గుతుంది. హైవేలో 6 నుంచి 17 శాతం. గంటకు 105 నుంచి 120 కిలోమీటర్ల వేగాల్లో 10 నుంచి 25 శాతం. గాలి మీద పెట్టే ఖర్చు ఇంజిన్‌కైనా బ్యాటరీకైనా తప్పదు. బయల్దేరేటప్పుడు స్క్రీన్ చూపించే రేంజ్ నిన్నటి ఖాళీ టాప్ ప్రయాణాల లెక్క. దాన్ని నమ్మి చివరి ఛార్జింగ్ స్టేషన్ దాటకండి. సామాను దిగాక బార్లు కూడా విప్పేయండి, ఖాళీ బార్లు కూడా గాలిని అడ్డుకుంటాయి.

ఎర్ర గుడ్డ లైసెన్సు కాదు

బయటికి పొడుచుకొచ్చిన కొసకు ఎర్ర గుడ్డ కడితే చట్టం ఊరుకుంటుందని చాలామంది నమ్మకం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 194(1ఎ) చూడండి. పక్కలకు గానీ, ముందుకు గానీ, వెనక్కి గానీ, ఎత్తులో గానీ అనుమతించిన హద్దు దాటి లోడు పొడుచుకొస్తే జరిమానా 20 వేల రూపాయలు, దించే ఖర్చు అదనం. అంతకుముందు సరుకు బళ్లలో రాడ్లు వెనక్కి ఒక మీటరు దాకా పొడుచుకు రావచ్చన్న వెసులుబాటు ఉండేది. పొడుచుకొచ్చిన రాడ్ల వల్ల ప్రాణాలు పోతున్నాయని సుప్రీంకోర్టు దాకా వెళ్లాక, 2014లో కేంద్రం దాన్నీ తీసేసింది. లారీకే లేని వెసులుబాటు మన కారుకు ఎక్కడిది?

అందుకే పైపులు కొనేటప్పుడే తేల్చుకోండి. పీవీసీ పైపులు సాధారణంగా 10 అడుగులు, 20 అడుగుల పొడుగుల్లో వస్తాయి. మన చిన్న ఎస్‌యూవీలు 4 మీటర్ల లోపు. 10 అడుగులంటే 3 మీటర్లు, టాప్ మీద సర్దుకుంటుంది. 20 అడుగులంటే 6 మీటర్లు, బండి కన్నా 2 మీటర్లు ఎక్కువ. సగానికి కోయించండి, లేదా వేరే బండి మాట్లాడండి.

టీవీ, సోలార్ ప్యానెల్.. అస్సలు వద్దు

ఆఫర్‌లో 65 అంగుళాల టీవీ కొని, డెలివరీ వరకు ఆగలేక కారు టాప్ మీద పడుకోబెట్టి తెచ్చేవాళ్లున్నారు. టీవీని నిలబెట్టే తీసుకెళ్లాలని చాలా బాక్సుల మీద బొమ్మ వేసి మరీ ఉంటుంది. పడుకోబెడితే పలుచటి ప్యానెల్ తన బరువుకు తానే వంగుతుంది, దానికి గుంతలు తోడు. పైకి గీత కూడా పడకుండా లోపల పగలొచ్చు. ఇంట్లో ఆన్ చేసినప్పుడే తెలుస్తుంది.

సోలార్ ప్యానెళ్లదీ అదే సంగతి. 550 వాట్ల ప్యానెల్ సుమారు 2.3 మీటర్ల పొడుగు, 1.1 మీటర్ల వెడల్పు, 28 కిలోల బరువు. బరువు చూస్తే హద్దులోనే ఉన్నట్టుంటుంది. కానీ వైశాల్యం రెండున్నర చదరపు మీటర్లు, పైగా గాజు. పై గాలి లెక్క దీనికి వేసి చూడండి. ఎవరైనా "ఒక్కటే కదా, కట్టేద్దాం" అంటే ఏం చెప్పాలో మీకే అర్థమవుతుంది.

"మా నాన్న సుమో మీద ఇల్లు మొత్తం తెచ్చాడు"

ఈ మాట కామన్‌గా వినపడుతుంది. నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆ సుమోకు రేకు గట్టు ఉంది, అప్పటి రోడ్ల మీద 50 దాటితే గొప్ప. ఇప్పటి బండికి ఆ గట్టు లేదు, రోడ్డేమో వంద మీద పొమ్మంటోంది. నాన్న అనుభవం అబద్ధం కాదు, ఈ బండికి వర్తించదు, అంతే.

"అంత తంటా ఎందుకు, ట్రాలీ ఆటో మాట్లాడుకుంటే పోలా?" అనే మాటతో నాకు సగం ఒప్పుదలే. ప్లైవుడ్, పరుపు, ఫ్రిజ్, 20 అడుగుల పైపులు.. వీటికి ట్రాలీ ఆటోనో టాటా ఏసో మాట్లాడుకోవడమే తెలివి. టాప్ మీద పడే ఒక గీతకు రంగు వేయించే ఖర్చులో ఆ కిరాయి తేలిపోతుంది. కానీ ఒక నిచ్చెన, నాలుగు పైపుల కోసం లక్షలు పోసి కొన్న పెద్ద బండి పనికిరాదంటే, ఇక "యుటిలిటీ" అన్న మాట ఆ పేరులో ఎందుకు?

అందుకే కంపెనీలను అడిగేవి మూడు. నడుస్తున్నప్పుడు టాప్ ఎన్ని కిలోలు మోస్తుందో వేరియంట్ల వారీగా స్పెక్ షీట్‌లో రాయండి. క్రాస్‌బార్లు ఎక్కడెక్కడ, ఎంత ఎడంలో బిగించాలో గుర్తులు పెట్టండి. రెయిల్స్ అందానికే అయితే "బరువు పెట్టరాదు" అని వాటి మీదే చెక్కండి. దీనికి కొత్త టెక్నాలజీ అక్కర్లేదు, ఒక లైను ప్రింటు చాలు.

మిమ్మల్ని అడిగేది ఒకటే. ఈసారి ఇంట్లోవాళ్లతో టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లినప్పుడు స్క్రీన్ తాకే ముందు "రూఫ్ లోడ్ ఎంత? మాన్యువల్‌లో పేజీ చూపించండి" అనండి. పదిమంది అడిగితే షోరూమ్ వాళ్లు చదువుకుంటారు, వందమంది అడిగితే కంపెనీ ప్రింటు చేస్తుంది. స్క్రీన్ చిన్నదైతే ఇబ్బంది పడేది మనం. టాప్ మీది లెక్క తప్పితే మాత్రం దెబ్బ తగిలేది వెనక బైకు మీద వస్తున్న మనిషికి. ఆ మనిషి మన బ్రోచర్ చదవలేదు, చదవాల్సిన పనీ లేదు.